కట్టేయడానికి వీల్లేని కాలవ

ఏలూరులో గోదావరీ కృష్ణా కలుస్తాయి. సముద్రం ఒడ్డున కాదు, ఊళ్లో, కాలవల్లో. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు దాటుకుంటూ పడమరకి వస్తుంది. బెజవాడ దగ్గర బయల్దేరిన కృష్ణ నీరు తూర్పుకి వస్తుంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట లేచాయి. ఆ రెండు ఆనకట్టల నీళ్లూ ఈ ఊళ్లో ఒకటయ్యాయి.

ఈ గట్ల మీద పెరిగినవాళ్లకి పారే నీటి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. గట్టు ఒకచోట మెత్తబడితే నీటి ఒత్తిడికి అక్కడ బయటికి ఉబ్బుతుంది. ఉబ్బినచోట కాలవ వెడల్పవుతుంది. వెడల్పైనచోట పరుగు తగ్గుతుంది, మేట వేస్తుంది, గుర్రపుడెక్క చేరుతుంది. గండి పడుతుందేమోనన్న భయం ఊరందరిదీ. కాలవ కాపలా కాసే లస్కరుకి మాత్రం ఇంకో భయం కూడా ఉంటుంది. ఆ చేరినదాంట్లోంచి ఓ దుబ్బు ఊడి కొట్టుకుపోయి, దిగువన తూముకి అడ్డం పడిందంటే శివారు చేలన్నీ ఎండిపోతాయి. గట్టు ఎక్కడా తెగకుండానే పంట పోతుంది.

మెడలో ధమని ఉబ్బితే జరిగేది సరిగ్గా ఇదే.

దవడ కింద, గొంతు పక్కన రెండు వేళ్లు మెత్తగా ఆనించి చూడండి. కొట్టుకుంటున్నది కెరోటిడ్ ధమని. చెరో పక్కా ఒకటి. గొంతు పైభాగం ఎత్తుకి వచ్చేసరికి అది రెండుగా చీలుతుంది. ఒక పాయ మొహానికి, నాలుకకి, నెత్తి చర్మానికి కొమ్మలు వేసుకుంటూ పోతుంది. రెండో పాయ మెడలో ఒక్క కొమ్మ కూడా వేయదు. దారిలో ఎవరికీ చుక్క ఇవ్వకుండా నేరుగా పుర్రెలోకి వెళ్లి మెదడు ముందు నిలబడుతుంది. చిటికెన వేలికన్నా సన్నని ఆ గొట్టం మోసే బాధ్యత తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మన మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లే. గుండె పంపే రక్తంలో అది తీసుకునేది మాత్రం దాదాపు 15 పాళ్లు. ఒళ్లంతా వాడుకునే ప్రాణవాయువులో 20 పాళ్లు. నిమిషానికి సుమారు ముప్పావు లీటరు రక్తం దానికి అందాలి. మెదడు రేపటికని ఏమీ దాచుకోదు. నాలుగైదు నిమిషాలు పూర్తిగా అందకపోతే దాని కణాలు చనిపోవడం మొదలవుతుంది.

మన కాలవలకి ఏటా వేసవిలో నీళ్లు కట్టేస్తారు. ఆ రోజుల్లోనే పూడిక తీస్తారు, గట్లు బలపరుస్తారు, తూముల తలుపులు మారుస్తారు. మెదడుకి వెళ్లే కాలవకి వేసవి లేదు. నీరు పారుతుండగానే గట్టు తవ్వి మళ్లీ కట్టాలి. ఈ పని మనుషులు నేర్చుకున్నారు. ఎలా నేర్చుకున్నారో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

ఒంట్లో ధమనులకి వచ్చే ఉబ్బులన్నిటినీ కలిపితే, వాటిలో మెడ కెరోటిడ్‌కి వచ్చేవి నూటికి ఒకటికన్నా తక్కువ. వైద్యులు ఎన్యూరిజం అంటారు. కొవ్వు పేరుకుని గోడ పెళుసెక్కడం, పుట్టుకతో గోడ బలహీనంగా ఉండటం, ప్రమాదంలో మెడకి దెబ్బ తగలడం, లోపలి పొర చీలడం, క్షయలాంటి జబ్బులు గోడని తినేయడం, ఇవీ కారణాలు. ఒకప్పుడు సవాయి రోగం పెద్ద కారణంగా ఉండేది. పెన్సిలిన్ వచ్చాక అది వెనక్కి తగ్గింది.

మన ప్రాంతం కోసం ఒక కారణం విడిగా చెప్పాలి. చేపముల్లు. గొంతులో దిగిన ముల్లు గోడ దాటి, పక్కనే ఉన్న కెరోటిడ్‌ని గీరి, అక్కడ చీముపట్టి, ధమని పక్కన రక్తపు సంచి కట్టిన కేసులు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. చాలా చాలా అరుదు. అయినా కైకలూరు, ఆకివీడు, కొల్లేటికోట పక్క చేప లేని పూట ఎన్ని ఇళ్లలో ఉంటుంది? ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద నమలకుండా మింగమనడం అమ్మమ్మల నాటి మాట. ఆ ముద్ద ముల్లుని బయటికి తేలేదు, ఇంకాస్త లోపలికి తోసేయగలదు. కొర్రమీనుకి ముళ్లు తక్కువ కాబట్టి దిగులూ తక్కువే. శీలావతి, బొచ్చె, పులస తిన్నప్పుడు ముల్లు దిగి, మింగుడు పడక నొప్పి మర్నాటికీ ఉంటే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించుకోవాలి.

ఈ ఉబ్బు చాలామందిలో పగలదు. లస్కరు భయపడ్డదే జరుగుతుంది. సంచిలో రక్తం సుడి తిరిగి, గడ్డకట్టి, చిన్న తునక ఊడి పైకి పోతుంది. కంటి ధమనిలోకి పోతే ఒక కంటికి తెర దించినట్టు కాసేపు చీకటి. మెదడులోకి పోతే మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి పడిపోవడం. కొందరికి గొంతు బొంగురు పోతుంది, కొందరికి మింగడం కష్టమవుతుంది. కొందరికి ఏ బాధా ఉండదు. అద్దంలో చూసుకుంటే దవడ కింద ఏదో గుండెతోపాటు కొట్టుకుంటూ కనిపిస్తుంది, అంతే.

సుశ్రుతుడు ఒంట్లో మర్మాలు 107 అని లెక్క చెప్పాడు. మెడలోని ఎనిమిది సిరామాతృకల్ని, దెబ్బ తగిలితే తక్షణం ప్రాణం పోయే మర్మాల్లో చేర్చాడు. సిరల్లో పుట్టే గడ్డల గురించి కూడా రాశాడు. మర్మం మీద లేచిన గడ్డ జోలికి పోవద్దన్నాడు. కత్తి పట్టడంలో అంతటివాడు అక్కడ కత్తి దించేశాడంటే, ఆ చోటు ఎలాంటిదో ఆయనకి తెలుసు. ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లు ఎవరూ ఆ హద్దు దాటలేకపోయారు.

1798లో లండన్‌లో ఒక మనిషి మెడలో ఆవు కొమ్ము దిగింది. రక్తం ఆగడం లేదు. జాన్ అబెర్నెతీ అనే వైద్యుడు కెరోటిడ్‌ని దారంతో కట్టేశాడు. రక్తం ఆగింది, మనిషి బతకలేదు. 1805 నవంబరులో ఆస్ట్లీ కూపర్ మొదటిసారి మెడ ఎన్యూరిజానికి అదే పని చేశాడు. 44 ఏళ్ల ఆవిడ. ఆ నెల దాటకుండానే పోయింది. ఉబ్బులో చీము చేరి, వాచి, గొంతుకి అడ్డం పడింది. మత్తుమందు రావడానికి ఇంకా నలభై ఏళ్లుంది; చేతులు, పనిముట్లు శుద్ధి చేసుకోవాలన్న జ్ఞానం రావడానికి అరవై ఏళ్లుంది. ఆవిడ ఏ నొప్పిని ఓర్చుకుని ఆ బల్లమీద పడుకుందో ఊహించలేం. ఈ శస్త్రచికిత్స చరిత్రలో నేను మొదట దండం పెట్టేది కూపర్‌కి కాదు, ఆవిడకి.

1808 జూన్‌లో కూపర్ మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి బరువులు మోసే కూలీ. కెరోటిడ్ కట్టేశాడు. ఆ మనిషి లేచాడు, పనిలోకి వెళ్లాడు, 1821 దాకా బతికాడు. ఆయన పోయాక కూపర్ శరీరాన్ని పరీక్షించి చూశాడు. కట్టేసిన ధమని మూసుకుపోయి ఉంది. చుట్టూ ఉన్న సన్నని నాళాలు లావెక్కి ఆ పని అందుకున్నాయి. పదమూడేళ్లపాటు మెదడులో ఆ పక్కకి నీరు వేరే దారిలో వెళ్లిందన్నమాట.

ఆ దారి ఏమిటో అంతకు నూటయాభై ఏళ్ల ముందే ఒకాయన చూశాడు. 1664లో థామస్ విల్లిస్ మెదడు నిర్మాణం మీద వేసిన పుస్తకంలో, పుర్రె అడుగున ధమనులన్నీ ఒక వలయంగా కలిసి ఉన్న బొమ్మ ఉంది. ఆ పుస్తకానికి బొమ్మలు గీసినవారిలో ఒకడైన క్రిస్టఫర్ రెన్ తర్వాత లండన్‌లో సెయింట్ పాల్ ప్రార్థనాలయం కట్టాడు. ముందునించి రెండు కెరోటిడ్‌లు, వెనకనించి మెడ ఎముకల్లోంచి పైకెక్కే రెండు ధమనులు, నాలుగూ ఆ వలయంలో కలుస్తాయి. ఒకవైపు నీరాగితే ఇంకోవైపు నించి తెచ్చుకునే ఏర్పాటు. రెండు నదుల్ని ఒకే కాలవలో కలిపిన ఊళ్లో పుట్టినవాళ్లకి ఈ ఏర్పాటులోని ముందుచూపు వివరించాల్సిన పనిలేదు. ఇంజనీరు కాగితం మీద గీసుకోకముందే, తల్లి కడుపులో, కొన్ని వారాల పిండంలో ఈ కలయిక గీసి ఉంటుంది.

కాకపోతే ఈ వలయం అందరిలో ఒకేలా ఉండదు. సగానికి పైగా మనుషుల్లో ఏదో ఒక పాయ సన్నగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. అలాంటివాళ్లకి కెరోటిడ్ కట్టేస్తే ఆ పక్క మెదడు ఎండిపోతుంది. 1926లో విన్‌స్లో అనే వైద్యుడు అప్పటిదాకా నమోదైన మెడ ఎన్యూరిజం కేసులన్నీ పోగుచేసి లెక్క వేశాడు. ఏమీ చేయకుండా వదిలేసినవాళ్లలో నూటికి 71 మంది పోయారు. కట్టేసినవాళ్లలో 30 మంది పోయారు. కట్టడం మేలే. కానీ ముప్పై మంది! గండి పూడ్చడం వచ్చింది, శివారుకి నీళ్లివ్వడం ఇంకా రాలేదు.

ఆ విద్య ఫ్రాన్సులో, లియాన్ పట్నంలో ఒక కుట్టుపని ఆవిడ దగ్గర మొదలైంది. 1894 జూన్‌లో ఆ ఊరికి వచ్చిన ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నోని ఒకడు కత్తితో పొడిచాడు. కడుపులో పెద్ద సిర తెగింది. దేశంలో పేరున్న వైద్యులు చుట్టూ ఉన్నా తెగిన నాళాన్ని కుట్టే విద్య ఎవరికీ లేదు. ఆయన పోయాడు. ఆ ఊళ్లోనే వైద్యం చదువుతున్న అలెక్సిస్ కారెల్ అనే కుర్రవాడు ఆ చావుని మనసులోంచి తీసేయలేకపోయాడు. మేడం లెరూదియే అనే ఎంబ్రాయిడరీ పని చేసే ఆవిడ దగ్గరికి వెళ్లి సన్నని సూదితో సన్నని దారం నడపడం నేర్చుకున్నాడు. 1902లో తన పద్ధతి అచ్చువేశాడు. గుండ్రని గొట్టం అంచుకి మూడుచోట్ల మూడు దారాలు వేసి లాగితే అది ముక్కోణం అవుతుంది. అప్పుడు ఒక్కో అంచూ తిన్నగా నిలబడి కుట్టుకి లొంగుతుంది. 1912లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. నరసాపురం చుట్టుపక్కల అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లు, ఏలూరులో తివాచీ ముడులు వేసే నేతగాళ్లు ఈ కథ వినాలని నా కోరిక. రక్తనాళాలు కుట్టే శాస్త్రం కొంత వాళ్లలాంటి చేతుల నించే పుట్టింది.

ఇక మిగిలినవి ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ 1916లో దొరికింది. మనుషులకి వాడటానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. కూపర్ మొదటి రోగిని చంపిన చీముని ఎదిరించే మందులు 1940ల్లో వచ్చాయి. వాటిలో 1948లో వచ్చిన ఆరియోమైసిన్ వెనక ఉన్న పరిశోధనశాలని నడిపినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1950ల్లో ఉబ్బిన భాగం కోసి తీసేసి, కెరోటిడ్‌ని మళ్లీ కలిపి కుట్టడం సాధ్యమైంది.

ఆ ఆపరేషన్ ఇప్పుడు ఎలా జరుగుతుందో కాస్త తీరిగ్గా చెప్పాలి.

చెవి కిందనించి ఛాతీ ఎముక వైపు, మెడ పక్క కండరం అంచు వెంట కోత పెడతారు. లోపల ధమని ఒంటరిగా ఉండదు. ఒకే ఒరలో మూడు ఉంటాయి: కెరోటిడ్, దాని పక్కన పెద్ద సిర, రెండిటి వెనకా వేగస్ నరం. ఆ నరం గొంతుని పలికిస్తుంది, గుండెని నెమ్మదిగా నడిపిస్తుంది. ఇంకాస్త పైన, నాలుకని కదిలించే నరం ధమనుల మీంచి అడ్డంగా దాటుతుంది. దవడ అంచున పెదవి మూలని కదిపే సన్నని నరం. వీటిలో దేన్ని గట్టిగా లాగినా మనిషి బతుకుతాడు, కానీ మాట బొంగురుపోతుంది, నాలుక ఒక పక్కకి తిరుగుతుంది, నవ్వు వంకరవుతుంది. ఉబ్బు పెద్దదైతే ఈ నరాలు దాని మీద పరుచుకుని, అంటుకుపోయి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటీ విడదీయడానికే గంటలు పట్టొచ్చు. ధమని చీలే చోట ఇంకో వింత ఉంది. రక్తపు ఒత్తిడిని క్షణక్షణం కొలిచి మెదడుకి కబురు పంపే చోటు అది. అక్కడ వేలు బరువుగా పడితే గుండె వేగం పడిపోతుంది. అందుకే కొందరు సర్జన్లు అక్కడ ముందు చుక్క తిమ్మిరిమందు వేస్తారు.

హెపారిన్ ఇస్తారు. ఉబ్బుకి కిందా పైనా క్లాంపులు బిగిస్తారు. ఇక ఆ పక్క మెదడుకి వలయమే దిక్కు. అది చాలుతోందా? పై చివర నించి వెనక్కి వస్తున్న రక్తపు ఒత్తిడి కొలుస్తారు. మెదడు తరంగాలు చూస్తారు. కెరోటిడ్ పూడిక తీసే ఆపరేషన్లు కొన్నిచోట్ల మెడకి మాత్రమే మత్తిచ్చి చేస్తారు. అప్పుడు రోగి చేతిలో నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మ పెడతారు. కుడి మెదడు ఎడమ చేతిని నడుపుతుంది కనక, కుడి మెడ మీద పని చేస్తుంటే బొమ్మ ఎడమ చేతిలో ఉంటుంది. నొక్కమన్నప్పుడల్లా కీచుమంటే మెదడుకి నీరందుతున్నట్టే. ఇంత పెద్ద శాస్త్రం పసిపిల్లల బొమ్మ మాట వినడం చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

చాలకపోతే ప్లాస్టిక్ గొట్టం ఒకటి కింది చివర నించి పై చివరకి దూరుస్తారు. గట్టు పని అయ్యేదాకా మళ్లింపు కాలవ అది. అప్పుడు ఉబ్బుని కోసి తీస్తారు. ధమని వంకరలు తిరిగి పొడుగు సాగి ఉంటే, మిగిలిన రెండు చివరల్నీ దగ్గరికి లాగి కుట్టేస్తే సరిపోతుంది. చాలనప్పుడు తొడ లోపలి నించి పొడుగాటి సిర ముక్క తెస్తారు. ఆ సిర ఇన్నాళ్లూ కాలి నించి రక్తాన్ని గుండెకి ఎక్కించింది. వెనక్కి జారకుండా దానిలో తలుపులున్నాయి. అందుకే దాన్ని తలకిందులు చేసి కుడతారు. లేకపోతే దాని తలుపులే అడ్డం పడతాయి. వెంట్రుక మందం నీలి దారంతో, లోపలి అంచులు బయటికి మడిచి, ఒక్క దారపు పోగు కూడా రక్తం దారిలో వేలాడకుండా కుడతారు.

కుట్టు పూర్తయ్యాక క్లాంపులు తీసే వరస ఉంది చూడండి, అదీ నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది. లోపల గాలి బుడగ మిగిలి ఉండొచ్చు, నలుసంత గడ్డ మిగిలి ఉండొచ్చు. అది మెదడుకి వెళ్లకూడదు. అందుకని మెదడు పాయ మూసే ఉంచి, మొహం పాయ ముందు తెరుస్తారు. మొదటి గుండె కొట్టుళ్ల రక్తం అంతా, దానిలో ఉన్న దోషమంతా, మొహం వైపు పోతుంది. బుగ్గలు, నాలుక, నెత్తి ఆ నలకని భరించగలవు. తర్వాతే మెదడు పాయ తెరుస్తారు. మెదడుకి ఇచ్చేముందు ఆ నీటిని మొహం రుచి చూసి ఇస్తుంది.

మెలకువ రాగానే అడిగేవి మూడు నాలుగు మాటలే. పేరు చెప్పండి. నాలుక చాపండి. రెండు చేతులూ పైకెత్తండి. నవ్వండి. పేరు స్పష్టంగా వస్తే వేగస్ క్షేమం. నాలుక తిన్నగా వస్తే దాని నరం క్షేమం. చేతులు రెండూ సమంగా లేస్తే మెదడు క్షేమం. ఇక తొడ నించి వచ్చిన ఆ సిర సంగతి. పుట్టినప్పటి నించి ఎన్నడూ గుండె దెబ్బ ఎరగనిది, ఇప్పుడు ప్రతి కొట్టుడూ కాస్తుంది. కొన్ని నెలల్లో దాని గోడ దళసరెక్కుతుంది, ధమని స్వభావం తెచ్చుకుంటుంది.

ఇప్పుడు కొందరికి కోత లేకుండానే, తొడ ధమనిలోంచి తీగ పంపి, ఉబ్బు లోపల గొట్టంలాంటి స్టెంటు పరిచి మూసేస్తున్నారు. ఉబ్బు పుర్రె దాకా ఎక్కినప్పుడు, కత్తి అందని చోట, అది గొప్ప దారి.

మన పల్లెల కోసం ఒక హెచ్చరిక తప్పదు. మెడ మీద గడ్డ అనగానే గండమాల అనుకోవడం, పసరు కట్టడం, వాత పెట్టడం, సూది గుచ్చి చీము తీయబోవడం ఇంకా అక్కడక్కడా ఉంది. గడ్డ మీద వేళ్లు పెడితే గుండెతోపాటు కొట్టుకుంటుంటే దానికి సూది, కత్తి తగలనివ్వకూడదు. గొంతు లోపలికి ఉబ్బినవాటిని టాన్సిల్ పక్క చీముగడ్డ అనుకుని కోసి ప్రాణాలు పోగొట్టిన సంగతులు వైద్య చరిత్రలో ఉన్నాయి. ముందు డాప్లర్ స్కాన్, తర్వాత సీటీ యాంజియో. హైదరాబాదు నిమ్స్‌లో రక్తనాళాల సర్జరీకి విడిగా విభాగం ఉంది. పింజల రామకృష్ణ వంటి ఆచార్యులు అక్కడ ఈ విద్యని ఏళ్ల తరబడి చేశారు, నేర్పారు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా క్షణం ఆగకుండా 108కి ఫోను చేయాలి.

2023 సెప్టెంబరులో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్లు ఎంఎస్, ఆపైన రక్తనాళాల సర్జరీలో మూడేళ్లు. ఆ తొలి తరగతిలో చేరిన పిల్లల్లో ఎవరైనా ఈ పనే నేర్చుకోవాలనుకుంటే, ఎక్కడా ఒక్క ఏడాది జారకపోయినా, 2035 వస్తుంది. భీమడోలు పిల్లో, కైకలూరు పిల్లాడో, ఎవరైనా ఒకరు ఆ దారి పట్టాలని, ఆ ఏడాదికి కొల్లేటి మనిషి మెడని కొల్లేటి చేతులే కుట్టాలని కోరుకుంటున్నాను.